ఆ కూజా ఏ రంగు

కుట్టు షాపు, పై గది
మార్చి మొదట్లో

చిట్టికి,

వదిన దీవెనలు. నువ్వూ, కడుపుతో ఉన్న మీ అమ్మాయీ క్షేమమని తలుస్తాను. ఇక అసలు సంగతికొస్తాను. మాట కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదని నీకు తెలుసు కదా.

మీ అన్నయ్య నాకు ఉత్తరాలు రాయడం మానేశారు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఆ రేవులో హార్బర్ ఆఫీసు బల్ల ముందు కూర్చుని సముద్రం లోతులు పటాల మీద గీస్తున్నారు. నేనిక్కడ బడిపిల్లల యూనిఫారాలు కత్తిరిస్తున్నాను. సెలవులకి రావడం, వారానికో ఉత్తరం, ఇదీ మా కాపురం. చూసేవాళ్ళకి వింతగా ఉన్నా మాకు బాగానే ఉంది. ఆయన అంకె వేస్తే అచ్చు వేసినట్టుంటుందని పెళ్ళిచూపుల్లో మీ నాన్న చెప్పుకున్నారు చూడు, ఆ రాతకే నేను పడిపోయాను.

ఇప్పుడు ఉత్తరం లేదు. కింద మందుల షాపుకి ఫోన్ చేస్తారు. కాంపౌండరు నన్ను పిలిచి, పక్కనే నిలబడి సీసాలు తుడుస్తూ చెవులు రిక్కిస్తాడు. పోనీ ఫోన్లో ఏమైనా కబుర్లా అంటే, ఎప్పుడూ ఒకటే పాట. మీ ఊరి రేవు దగ్గర పాత సుంకం కొట్లో చిన్న మ్యూజియం ఉందట, సముద్రంలోంచి తీసిన కుండలూ లంగరు రాళ్ళూ అందులో ఉన్నాయట. పెళ్ళైన కొత్తలో నన్ను ఒక పెద్ద మ్యూజియానికి తీసుకెళ్ళి, నేను చూసొచ్చేదాకా మెట్ల మీద కూర్చుని పేపరు చదువుకున్న మనిషి ఈయన. ఇప్పుడేమో "మేము ఇవాళ కొత్త కూజా బయటికి తీశాం" అంటున్నారు. మేము ఎవరని అడిగాను. టికెట్లిచ్చే ఆవిడ అన్నారు. అని, ఎందుకో దగ్గారు.

జూన్‌లో షాపు నా శిష్యురాలికి అప్పజెప్పి, నేను అక్కడికి వచ్చేయాలని ఇద్దరం అనుకున్నాం. గుర్తుందిగా? ఆ మాట ఆయన ఇప్పుడు ఎత్తట్లేదు. నేనెత్తితే గదికి సున్నం వేయిస్తున్నామంటారు. జనవరి నుంచీ సున్నమే. అంత సున్నం ఏ కోటకైనా పట్టదు.

నువ్వు ఒకసారి ఆ మ్యూజియానికి వెళ్ళి చూసిరా. నేను పంపానని చెప్పకు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకానివి, నీకు నేను నేర్పక్కర్లేదు.

నీ వదిన

*

రేవు వీధి
మార్చి నెలాఖరు

వదినా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. మా అన్నయ్యకి ఈ వయసులో ప్రేమ వ్యవహారమా? చొక్కా గుండీ ఊడితే సెలవులకి నీ దగ్గరికొచ్చి కుట్టించుకునేదాకా పిన్నీసుతో తిరిగే మనిషి. అయినా నీ మాట తీసేయలేక వెళ్ళాను.

మ్యూజియం అంటే రెండు గదులు, ఒక ఫ్యాను. పాతరోజుల్లో ఓడల సరుకు దింపి తూకం వేసిన కొట్టు అది. గోడలకి ఇంకా ఉప్పు పొంగుతోంది. ముందుగదిలో నడుమ రంధ్రాలున్న లంగరు రాళ్ళు, తుప్పుతో ముద్దైపోయిన మేకులు, గవ్వలు అతుక్కుపోయిన కుండలు. అద్దాల పెట్టెల మీద దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నారు. జనం మాత్రం లేరు. కాసేపు కదలకుండా నిలబడితే నన్నూ ఒక పెట్టెలో పెట్టి చీటీ అంటిస్తారేమోనని భయపడ్డాను.

టికెట్లిచ్చే ఆవిడది నీ వయసే ఉంటుంది. నడుముకి ఇంత తాళాల గుత్తి, గొలుసు కట్టిన కళ్ళజోడు. నేను ఆవిడకి తాళాలావిడ అని పేరు పెట్టాను. అందగత్తె కాదు, నీ పొడుగులో సగం ఉంటుంది. ఇది నీ మనశ్శాంతి కోసం రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం బాగాలేదు. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి నడిచే ఒకాయన ఇక్కడికి వస్తారా అని మామూలుగా అడిగాను. అంతవరకూ లంగరు రాళ్ళ గురించి గలగలా మాట్లాడిన మనిషి టక్కున నోరు మూసేసింది. చాలామంది వస్తారమ్మా అని గల్లాపెట్టె సర్దుకుంది. వెనకగదికి తెర వేసి ఉంది. అటు వెళ్ళబోతే, అది బడిపిల్లలకి మాత్రమే అని అడ్డం వచ్చింది.

తిరిగొస్తూ అన్నయ్య గది మీదుగా వెళ్ళాను. తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూశాను. గోడలు ఎప్పటిలాగే పొగచూరి ఉన్నాయి. సున్నం జాడే లేదు.

దీనికేదో మామూలు కారణం ఉండే ఉంటుంది. నువ్వు గోరంతని కొండంత చేసుకోకు.

చిట్టి

*

కుట్టు షాపు
ఏప్రిల్

చిట్టికి,

సున్నం లేదని నువ్వు రాసిన రోజు నేను ఒక చొక్కాకి రెండు కుడి చేతులు కుట్టాను. నా శిష్యురాలు నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది.

మొన్న ఆయన ఫోన్ చేసినప్పుడు ఒక పరీక్ష పెట్టాను. ఆ కూజా గురించి చెప్పమన్నాను. ఎంత బాగా చెప్పారనుకున్నావు. మెడ సన్నగా ఉంటుందట, నా మణికట్టంత. మూతి ఒకచోట పెచ్చు లేచి ఉందట. చెవికింద కుమ్మరివాడి బొటనవేలు దిగిన గుంట ఉందట, అందులో తన వేలు పెడితే సరిగ్గా సరిపోయిందట. ఆ చెప్పడంలో ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే, నాకు ఒళ్ళు మండింది. బాగానే ఉంది, ఏ రంగండీ అని అడిగాను.

ఆయన మళ్ళీ మూతి పెచ్చు దగ్గరికే వెళ్ళారు. తర్వాత మట్టిరంగు అన్నారు. మట్టిలో ఎన్ని రంగులుంటాయి, ఎరుపా నలుపా అన్నాను. నువ్వే వచ్చి చూద్దువుగానిలే అని పెట్టేశారు. రమ్మన్నది లేదు, వచ్చి చూడమంటున్నారు.

చూసినవాడు రంగు చెప్పడా చిట్టీ? ఆయన ఆ కూజాని చూడలేదు. అది నా అభిప్రాయం. ఆవిడ చెబుతుంటే విని నాకు అప్పజెబుతున్నారు. మ్యూజియం అనేది వట్టి సాకు. నా చెవిలో పువ్వులు పెడుతున్నారు.

ఇంకోటి విను. కాంపౌండరు ఇవాళ మందు పొట్లం కడుతూ, మొహమాటపడుతూనే చెప్పాడు. ఫోన్ మోగినప్పుడల్లా ముందు ఒక ఆడమనిషి పలుకుతుందట. నంబరు సరిచూసుకుని, అప్పుడు ఆయనకి ఇస్తుందట. అందరికీ తెలిసిపోయింది, నాకొక్కదానికే ఆఖరున తెలిసింది.

ఆయన గురువారాలు మధ్యాహ్నం తప్పకుండా అక్కడుంటానన్నారు. నువ్వు గురువారం వెళ్ళు. కనిపించింది కనిపించినట్టు రాయి. నన్ను బుజ్జగించకు, నాకు దాపరికం వద్దు.

నీ వదిన

*

రేవు వీధి
ఏప్రిల్ నెలాఖరు

వదినా,

రాయాలా వద్దా అని రెండు కాగితాలు చింపేశాను. దాపరికం వద్దన్నావు కాబట్టి రాస్తున్నాను.

గురువారం వెళ్ళాను. టికెట్ల బల్ల దగ్గర ఎవరూ లేరు. ముందుగది ఖాళీ. తెర వెనక మాటలు వినిపించాయి. అన్నయ్య గొంతే. పెద్ద లంగరు రాయి పక్కన నిలబడి, తెర సందులోంచి చూశాను.

ఒక పొడవాటి బల్ల, దాని మీద గుడ్డ పరిచి ఉంది. అన్నయ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ముందు కూజా ఉంది. తాళాలావిడ ఆయన వెనక నిలబడి, తన చేయి ఆయన చేతి మీద వేసి, ఆ కూజా మీద మెల్లగా నడిపిస్తోంది. మెడ మీంచి పొట్ట మీదకి, పొట్ట మీంచి అడుక్కి. ఆవిడేదో అడిగింది. అన్నయ్య ఏదో చెప్పి నవ్వాడు. చిన్నప్పుడు గాలిపటం ఎగిరితే నవ్వేవాడే, అలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళైందో.

పలకరించకుండా బయటికి వచ్చేశాను. నిన్ను ఎగతాళి చేసి రాసిన ఉత్తరం తలుచుకుంటే సిగ్గేస్తోంది. వాడు నా తోడబుట్టినవాడైనా సరే, ఇందులో నేను నీ వైపే ఉంటాను. రేపు వాడి గదికి వెళ్ళి నిలదీస్తాను. నీళ్ళు నమిలితే ఊరుకోను.

నువ్వు వేళకి తిను. ఒంటరిగా కూర్చుని ఏడవకు.

చిట్టి

*

రేవు వీధి
మే

గౌరవనీయురాలైన వదినగారికి,

నమస్కారాలు. నేను అన్నయ్యతో మాట్లాడాను. నువ్వు అనుకుంటున్నదేమీ లేదు. నేను కూడా తొందరపడి రాశాను, అది మరిచిపో.

షాపు మాత్రం ఇప్పుడే ఎవరికీ అప్పజెప్పవద్దు. జూన్‌లో ఇక్కడికి రావలసిన అవసరం లేదు. కొన్నాళ్ళు ఆగడం అందరికీ మంచిది.

మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురిటికి సాయంగా వాళ్ళ ఊరు వెళుతున్నాను. చిరునామా వెనక రాశాను. పనుల తొందరలో ఎక్కువ రాయలేకపోతున్నాను.

ఇట్లు,
చిట్టి

*

కుట్టు షాపు
మే నెలాఖరు

చిట్టికి,

గౌరవనీయురాలైన అట. ముప్పై ఏళ్ళలో నువ్వు నన్ను అలా పిలవలేదు. నీ ఉత్తరం మూడు పేజీలకి తక్కువ ఎప్పుడైనా ఉందా? పాలవాడి పిల్లి ఈనితే నాలుగు పేజీలు రాసినదానివి. ఇప్పుడు నా కాపురం గురించి రాయడానికి నీకు తీరిక లేకపోయింది.

నాకు అర్థమైంది. నువ్వు వెళ్ళి అడిగావు. ఆయన నీ ముందు కన్నీళ్ళు పెట్టుకుని ఉంటారు. నువ్వు కరిగిపోయావు. ఎంతైనా ఆయన నీ రక్తం, నేను బయటినుంచి వచ్చినదాన్ని. రావలసిన అవసరం లేదని నువ్వు రాసిన వాక్యం ఎవరు పలికితే రాశావో కూడా నాకు తెలుసు. నీ మీద నాకున్న నమ్మకం చూసుకుని నవ్వుకుంటున్నాను.

నిన్న కాంపౌండరుని బతిమాలి హార్బర్ ఆఫీసుకి ఫోన్ చేయించాను. పటాలు గీసే ఆయన్ని పిలవండి అంటే, ఆయన జనవరిలోనే ఉద్యోగం మానేశారని ఎవరో కుర్ర గుమాస్తా చెప్పాడు. మీరు ఎవరండీ అని అడిగాడు. ఏం చెప్పను? భార్యనని చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ పెట్టేస్తే కాంపౌండరు కుర్చీ వేశాడు. ఇన్నాళ్ళూ చెవులు రిక్కించినవాడు ఇప్పుడు నా ముఖం చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం మానేసి, నాకు చెప్పకుండా, పొద్దంతా ఆ తెర వెనక కూర్చుంటున్నారన్నమాట. ఇక అనుమానించడానికి ఏం మిగిలింది?

ఇవి విను. ఆయన ఫోన్ చేస్తే నేను కిందికి దిగడం లేదు. ఈ షాపు అద్దె కాగితాలు ఇంకో ఐదేళ్ళకి నా పేరనే రాయమని ఇంటి యజమానికి చెప్పాను. అవి వచ్చే నెల మధ్యలో వస్తాయి. సంతకం పెట్టేశాక ఆయన ఇక్కడ ఉంచుకున్న బట్టలు మూట కట్టి పంపిస్తాను. గుండీలన్నీ కుట్టే పంపుతాను, నాకు ఎవరి రుణమూ వద్దు.

నువ్వు ఇక జవాబు రాయకపోయినా పరవాలేదు.

వదిన

*

అమ్మాయి ఇల్లు
జూన్ మొదట్లో

వదినా,

మనవరాలు పుట్టింది. ఇద్దరూ కులాసా. ఆ సంతోషం కూడా పట్టకుండా చేసింది నీ ఉత్తరం. అన్నయ్య నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ పిల్ల నా ఒళ్ళో నిద్రపోతోంది, దీన్ని చూస్తూనే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. నువ్వు ఆ కాగితాల మీద సంతకం పెట్టకముందే ఇది చేరాలి.

అన్నయ్యకి చూపు పోతోంది వదినా.

డిసెంబరులో రేవు ముఖద్వారం దగ్గర ఎనిమిది బారల లోతుని మూడు అనుకుని పటంలో దిద్దాడట. పక్కనున్న కుర్రాడు చూసి సరిచేశాడు. ఆ కుర్రాడు ఎవరికీ చెప్పలేదు, నవ్వలేదు కూడా. కానీ మూడుని ఎనిమిదిగా చదివి ఉంటే ఒక ఓడ నేలకి తన్నేది. అన్నయ్యకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడంతట వాడే వెళ్ళి ఉద్యోగం మానేశాడు. కంటి డాక్టరు నయమయ్యేది కాదన్నాడు. చూసేచోట మసక, చుట్టూ నీడలు తెలుస్తాయి. అక్షరాలూ అంకెలూ ముందు పోయాయి. ఇప్పుడు రంగులు కూడా. ఆ నీడల్లోనే తెలిసిన వీధుల్లో నడిచేస్తాడు. అందుకే ఎవరికీ తెలియలేదు. నెలకోసారి మా ఇంటికొచ్చి కూర్చునేవాడు, నాకూ తెలియలేదు.

అందుకే వాడు నీకు ఉత్తరం రాయలేదు. గీత వంకర పోతే నువ్వు పట్టేస్తావని భయం. నంబరు కనబడదు కాబట్టే తాళాలావిడ ఫోన్ కలుపుతోంది.

ఆ తెర వెనక ఉన్నది తాకి చూసే బల్ల. చూపులేని పిల్లల బడివాళ్ళు గురువారాలు సాయంత్రం వస్తారట, అంతకుముందే అన్నయ్య అక్కడ సాధన చేస్తాడు. వాళ్ళు తాకడానికని నిజమైన కుండలే కొన్ని బల్ల మీద పెట్టింది ఆవిడ. ఒకరోజు అన్నయ్య ముందుగదిలో ఒక చీటీ చదవలేక దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంటే, ఆవిడ ఏమీ అడగకుండా తెర తీసి లోపలికి తీసుకెళ్ళిందట. వేళ్ళతో చూడడం ఆవిడే నేర్పుతోంది. ఇప్పుడు ఆ పిల్లలకి వస్తువులు చూపించే పని వాడికే ఇస్తామన్నారు. నేను చూసింది అదీ. నా కళ్ళు బాగానే ఉండి నేను చూసింది అదీ.

నీకెందుకు చెప్పలేదని అరిచాను. వాడన్న మాట రాస్తున్నాను. "చెప్తే అది ఆ సాయంత్రమే షాపు మూసేసి వచ్చేస్తుంది. చెయ్యి పట్టుకుని నడిపిస్తూ కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళు నిలబెట్టుకున్నది నా కోసం కూలదోస్తుంది. పనికొచ్చే మనిషినయ్యాక నేనే చెప్తాను."

నీకు కోపం రావాలి. నాకూ వచ్చింది. కానీ ఆ కోపం సరైన దాని మీద రానీ.

ఇంకొక్కటి. నిలదీసిన రోజే వాడు నన్ను ఆ తెర వెనక్కి తీసుకెళ్ళాడు, అక్కడ ఆ కూజాని దగ్గరగా చూశాను. అది మట్టిరంగు కాదు. నేను రంగు చెప్పలేను, అది నీ విద్య. వాడు మాత్రం ఇంకా మట్టిరంగనే అనుకుంటున్నాడు. ఎవరినీ అడగలేదట, అడిగితే చూపు పోయినట్టు ఒప్పుకోవాలిగా.

చిట్టి

*

మీ అన్నయ్య గది
జూన్

చిట్టీ,

మనవరాలికి ముద్దులు. దానికి ఒక గౌను కుడుతున్నాను, మీ అన్నయ్య గదిలో, అద్దెకి తెచ్చిన మిషను మీద.

నీ ఉత్తరం కాగితాల కంటే ముందు చేరింది. చదివి ఏడ్చాను. తర్వాత శిష్యురాలికి తాళాలిచ్చి, ఎవరికీ చెప్పకుండా బండెక్కాను. దారి పొడుగునా ఆయన్ని తిట్టాల్సినవన్నీ వరసగా పేర్చుకున్నాను. ఒకటీ మరిచిపోకుండా మ్యూజియం దాకా తెచ్చాను.

ఇప్పుడు నిజం చెప్పనా. ఆ మెట్లెక్కేటప్పుడు కూడా నాలో అనుమానం పూర్తిగా చావలేదు. నీ అన్న నీచేత ఇంకో కథ రాయించాడేమో అనిపించింది. టికెట్ కొన్నాను. తాళాలావిడ నా ముఖం చూడలేదు, నా చూపుడువేలు చూసింది. మిషను సూది దిగి గోరు చీలిపోయిందే, ఆ వేలు. కత్తెరగారు మీరేనా అని అడిగింది. ఆ పేరు మీ అన్నయ్య తప్ప ఎవరూ అనరు. మీరంటే ఆయనకి భయం అని చెప్పి, తాళాల గుత్తి చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, తెర ఎత్తింది. తను లోపలికి రాలేదు.

ఆయన బల్ల దగ్గర ఒక్కరే ఉన్నారు. చిక్కిపోయారు. చొక్కాకి రెండు పిన్నీసులున్నాయి. ఎదురుగా కూర్చుని, ఆ కుండలూ పెంకుల మధ్య నా చేయి పెట్టాను. ఆయన వేళ్ళు వరసగా తడుముకుంటూ వస్తున్నాయి. కూజా అయింది, దీపపు ప్రమిద అయింది. నా మణికట్టు తగిలింది. ఆగారు. చేతివేళ్ళు ఒక్కొక్కటే చూసుకుంటూ చూపుడువేలి దగ్గరకొచ్చి, ఆ చీలిన గోరు మీద బొటనవేలు ఆనించి ఉంచేశారు.

"ఇది మ్యూజియంది కాదు," అన్నారు. "మా ఇంటిది."

పేర్చుకొచ్చిన తిట్లన్నీ అక్కడే జారిపోయాయి. ఒక్కటి మాత్రం మిగిలితే అది తిట్టాను. ఐదు నెలలు నన్ను పరాయిదాన్ని చేశారు కదా అన్నాను. దానికి ఆయన ఏడ్చారు. నేను ఆయన్ని బుజ్జగించలేదు, నేనూ ఏడ్చాను. చాలాసేపు అదే పని.

షాపు సంగతి ఇంకా తేలలేదు. మూయొద్దని ఆయన, మూస్తే మీకేమని నేను. రోజూ పోట్లాడుకుంటున్నాం. ఆ సంతకం మాత్రం పెట్టలేదు, పెట్టనని కూడా ఇంటి యజమానికి చెప్పలేదు. రెండు ఊళ్ళ మధ్య ఎన్నాళ్ళు తిరగగలనో చూస్తాను. చెయ్యి పట్టుకుని నడిపించను, అది మాత్రం ఒప్పుకున్నాను. వీధిలో ఆయన ముందు నడుస్తారు, నేను రెండడుగులు వెనక. ఆయనకి గోతులు తెలుస్తాయి. నాకే కాలు మడతపడింది.

ఆరోజు వచ్చేసే ముందు ఆయన కూజాని నా ముందుకి జరిపారు. ఇన్నాళ్ళూ దాచిన మాట అడగడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు కనపడింది. "ఏ రంగో చెప్పు," అన్నారు.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఆయనకి నా షాపులో దారపు ఉండల అర తెలుసు. సెలవులకొచ్చినప్పుడల్లా వాటిని వరస తప్పకుండా సర్దింది ఆయనే. అందుకని ఆ వరసలోనే చెప్పాను. పొట్టంతా నాలుగుసార్లు ఉతికిన ఖాకీ. మెడ దగ్గర రాగి మేకులు ఆనుకుని సముద్రంలో పడున్నందుకు పచ్చ, ముదురు పచ్చ కాదు, ఆడపిల్లల బడి రిబ్బన్ ఎండకి వెలిసిన పచ్చ. కుమ్మరివాడి వేలు దిగిన గుంటలో మాత్రం ఎరుపు ఇంకా అలాగే ఉంది, మూడో అర చివర ఉంటుందే ఆ ఇటుక ఎరుపు. అక్కడికి ఉప్పు చేరలేదు.

ఆయన వేలు ఆ గుంటలో పెట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. మళ్ళీ చెప్పమన్నారు. మొదటినుంచీ చెప్పాను.

నీ వదిన